చీపురే ఆయన డిగ్రీ!

పంచాయతీ కార్యదర్శి, ఏఎన్‌ఎం, గ్రామ సచివాలయం.. ఈ కొలువుల కోసం మీలో చాలామంది పుస్తకాలతో కుస్తీ పడుతుంటారు. సంఘ సంస్కర్తల పాఠంలో గాడ్గే బాబా పేరు కూడా ఓ బిట్టుగా కనిపించే ఉంటుంది. పుట్టిన ఏడాది బట్టీపట్టి పేజీ తిప్పేయకండి. రేపు ఏ ఊళ్లో పోస్టింగ్ వచ్చినా ఆయన పనితీరు మీకు అక్కరకొస్తుంది.

ఆయన అసలు పేరు డేబూజీ. 1876 ఫిబ్రవరి 23న మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో, బట్టలుతికే కుటుంబంలో పుట్టారు. తాగుడు తండ్రిని పొట్టన పెట్టుకుంది. మేనమామ ఇంట్లో పశువులు కాస్తూ, పొలం పనులు చేస్తూ పెరిగారు. బడి ముఖం చూడలేదు. కూతురి బారసాల నాడు ఆనవాయితీగా మద్యం, మాంసం పెట్టాల్సిన చోట తీపి భోజనం పెట్టి అందర్నీ ఆశ్చర్యపరిచారు.

1905లో, 29వ ఏట, ఇల్లు వదిలారు. ఒంటిమీద అతుకుల బట్టలు, చేతిలో చీపురు, నెత్తిన మట్టి చిప్ప. తిండి కూడా అందులోనే. మరాఠీలో గాడ్గే అంటే మట్టిపాత్ర. అలా ఆ పేరు స్థిరపడింది.

ముందు పని.. తర్వాతే మాట

ఊళ్లో అడుగుపెట్టగానే ఆయన ఉపన్యాసం మొదలుపెట్టేవారు కాదు. వీధులు ఊడ్చేవారు, మురుగు కాలువలు తీసేవారు. చూస్తూ నిలబడ్డవాళ్లకు సిగ్గేసి తామూ చేతులు కలిపేవారు. రాత్రికి కీర్తన. జనాన్ని ప్రశ్నలడుగుతూ, నవ్విస్తూ పరిశుభ్రత, చదువు గురించి చెప్పేవారు. తాగుడు, అప్పులు, అంటరానితనం, జంతుబలి వద్దనేవారు. పొద్దంతా చెమటోడ్చిన మనిషి కాబట్టి ఆ మాటకు విలువుండేది.

ఊరి మురికికి మొదట బలయ్యేది పసిపిల్లలే. ఆరుబయటి మలం నుంచి క్రిములు ఈగల ద్వారా, చేతుల ద్వారా, నీళ్ల ద్వారా పిల్లల నోట్లోకి చేరతాయి. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి ప్రాణం మీదికొస్తుంది. అవి మాటిమాటికీ వస్తుంటే తిన్నది ఒంటబట్టదు, ఎదుగుదల ఆగుతుంది. గాడ్గే బాబా సూక్ష్మజీవుల శాస్త్రం చదవలేదు. కానీ ఆయన ఎత్తిన చెత్త, తీసిన మురుగు ఈ గొలుసును తెంపడానికి పనికొచ్చేవే.

పిల్లల చదువు విషయంలోనూ అంతే పట్టుదల. తినే కంచం అమ్ముకోవాల్సి వచ్చినా బిడ్డను బడి మాన్పించొద్దన్నది ఆయన బోధ. జనమిచ్చిన విరాళాలతో పండరీపురం, నాసిక్, దేహు, ఆళంది వంటి చోట్ల ధర్మశాలలు వెలిశాయి. బడులు, వసతి గృహాలు, ఆసుపత్రులూ వచ్చాయి. పండరీపురంలోని ఒక ధర్మశాలను అంబేడ్కర్ స్థాపించిన విద్యాసంస్థకు అప్పగించారు. అంబేడ్కర్ కన్నుమూసిన రెండు వారాలకే, 1956 డిసెంబర్ 20న, ఆయనా వెళ్లిపోయారు.

మహారాష్ట్ర ప్రభుత్వం 2000లో ఆయన పేరిట గ్రామ స్వచ్ఛతా ఉద్యమం ప్రారంభించింది. ఊళ్లు పోటీపడి శ్రమదానం చేశాయి, బహుమతులు గెలుచుకున్నాయి. అమరావతిలోని విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే పెట్టారు. బడి గడప తొక్కని మనిషి పేరు ఇప్పుడు వేలమంది డిగ్రీ పట్టాల మీద ఉంటోంది!

మీరైతే ఏం చేస్తారు?

గ్రామస్థాయి ఉద్యోగంలో చేరారనుకోండి. మరుగుదొడ్లు కట్టించి లెక్క చూపడంతో పని అయిపోదు. వాటిని ఇంటిల్లిపాదీ వాడాలి. అంగన్‌వాడీలో పిల్లలు తినేముందు సబ్బుతో చేతులు కడగాలి. తాగునీటి ట్యాంకు శుభ్రంగా ఉండాలి, క్లోరినేషన్ క్రమం తప్పకూడదు. చేతి పంపు చుట్టూ నీళ్లు నిలవకూడదు. వీటిలో ఏదీ ఆఫీసు కుర్చీలోంచి కనిపించదు. అందుకే చేరిన మొదటి వారమే వీధివీధీ నడవండి, అవసరమైతే చీపురు పట్టండి. మీరు వంగి పనిచేయడం చూశాక మీ మాట వినేవాళ్లు ఊళ్లో కచ్చితంగా ఉంటారు.