ఇండియా ఆఫీసు గుమాస్తా కీన్స్ దొర - ఆయన సొంత డబ్బు సంగతులు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, మనం ఏటా వ్రాసుకునే దేశనాయకులను, వాగ్గేయకారులను పక్కన పెట్టి ఒక ఆంగ్లేయుణ్ణి ఎంచుకొన్నాను. దానికి కారణం ఉంది. డి.ఆర్. బకాయిల సంగతి కనుక్కోవడానికి సంఘ కార్యాలయానికి వచ్చే మిత్రులు కొందరు, ఆ మాట కాస్తా అయ్యాక కుర్చీ దగ్గరకు లాక్కొని, గొంతు తగ్గించి వేరే సంగతి అడుగుతున్నారు. కమ్యుటేషన్ డబ్బు షేర్లలో పెట్టవచ్చునా, బంగారం మేలా, మనవడు క్రిప్టో అంటున్నాడు అదేమిటి, సెల్‌ఫోనులో డాలర్లు కొని అమ్మితే రోజూ ఇంత వస్తుందట నిజమేనా అని. నేను జీవితమంతా ఫైళ్లు కట్టిన గుమాస్తాను గాని షేర్ల పండితుణ్ణి కాను. అందుకని నాకంటే బాగా తెలిసిన మరొక గుమాస్తా కథ చెబుతాను. క్రిప్టో ఆయన కాలానికి పుట్టలేదు. మిగిలిన బజార్లన్నిటిలోనూ ఆయన దిగాడు, మునిగాడు, తేలాడు.

ఆయనే జాన్ మేనార్డ్ కీన్స్. 1883 జూన్ 5న కేంబ్రిడ్జిలో పుట్టాడు. తండ్రి విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పినవాడు. తల్లి ఫ్లోరెన్సు 1932లో ఆ ఊరికి మేయరు అయింది. పిల్లవాడు ఈటన్‌లో, ఆ తరువాత కింగ్స్ కాలేజీలో గణితం చదివి 1906లో సివిల్ సర్వీసు పరీక్ష వ్రాశాడు. రెండవ స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చినవాడు ట్రెజరీ కోరుకున్నాడు కనుక కీన్స్‌కు ఇండియా ఆఫీసు దక్కింది. లండనులో కూర్చుని మన దేశాన్ని ఏలిన కార్యాలయం అది. అక్కడ ఆయన హోదా జూనియర్ క్లర్కు. చదువరులలో ఎల్.డి.సి.గా చేరినవారు ఎందరో ఉన్నారు కదా, వారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చేతికి వచ్చిన తొలి పెద్ద పని ఏమిటనుకున్నారు? ఎయిర్‌షైర్ జాతి కోడెదూడలు పదింటిని ఓడలో బొంబాయి పంపే ఏర్పాటు చూడటం. తరువాత రెవెన్యూ, గణాంకాలు, వాణిజ్యం విభాగానికి మార్చారు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో ఆఫీసు బల్ల మీదనే సంభావ్యత మీద తన సిద్ధాంత గ్రంథం వ్రాసుకున్నాడు. మన రోజుల్లో అయితే సూపరింటెండెంటు గారు మెమో ఇచ్చేవారు! రెండేళ్లు కాకుండానే, 1908లో, రాజీనామా చేసి కేంబ్రిడ్జికి అధ్యాపకుడుగా వెళ్లిపోయాడు. అయినా ఇండియా ఫైళ్లు వృథా పోలేదు. 1913లో భారతదేశపు ద్రవ్యం మీద పుస్తకం ప్రచురించాడు, అదే ఏడు మన ద్రవ్య విషయాలపై వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యుడయ్యాడు. రూపాయి గురించి అంత లోతుగా వ్రాసిన ఆ మనిషి జీవితంలో ఒక్కసారి కూడా మన దేశంలో కాలుపెట్టలేదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రెజరీలో పనిచేశాడు. 1919లో పారిస్ శాంతి సభకు వెళ్లి, జర్మనీపై మోపుతున్న పరిహారం యూరపును ముంచుతుందని వాదించి, వినేవారు లేక జూన్‌లో రాజీనామా ఇచ్చేశాడు. ఆ సంగతులే పుస్తకంగా వ్రాస్తే డిసెంబరుకల్లా పేరు మారుమోగిపోయింది. నేను చెప్పదలచిన కథ ఇక్కడే మొదలవుతుంది.

యూరపు దేశాల నాణేలు పడిపోతాయని ఆయనకు గట్టి నమ్మకం. నమ్మకమనేకంటే లెక్క అనడం న్యాయం. ఆ లెక్కలు చూసే ఉద్యోగమే కదా చేసివచ్చాడు. 1919 ఆగస్టు నుండి ఫ్రాంకు, లీరా, మార్కు వంటివి ముందుగా అమ్మడం, డాలరు వంటివి కొనడం మొదలుపెట్టాడు. మన రూపాయి కూడా ఆయన లావాదేవీలలో ఉండేది. 1920 జనవరిలో ట్రెజరీలో తనతో పనిచేసిన ఫాక్ అనే మిత్రునితో కలిసి ఒక సిండికేటు పెట్టాడు. చిత్రకారులైన స్నేహితుల సొమ్ము, తండ్రిగారి సొమ్ము కూడా ఆ వ్యవహారాలలో చేరింది. ఏప్రిల్ ఆఖరుకు లాభాలు బాగా కనిపించాయి. మే నెలలో జర్మనీ కోలుకుంటుందన్న ఆశ ఎక్కడి నుంచో పుట్టి ఆ నాణేలన్నీ కొద్ది వారాలపాటు పైకి లేచాయి. ఆ కొద్ది వారాలే చాలాయి. సిండికేటు తుడిచిపెట్టుకుపోయింది, కీన్స్ తన ఆస్తికి మించిన అప్పులో పడ్డాడు.

ఎందుకలా జరిగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేటికీ సెల్‌ఫోనులో జరిగేది ఇదే. నూరు రూపాయల సరుకు మీద వ్యాపారం చేయడానికి నూరు అక్కరలేదు, పది కడితే చాలునంటారు. దీనికి మార్జిన్ అని పేరు. మిగతా తొంభై అప్పు వంటిదే. ధర మనకు అనుకూలంగా పది రూపాయలు కదిలితే పదికి ఇరవై అవుతుంది, నోరూరుతుంది. ఎదురు తిరిగి పది కదిలితే మన పదీ పోయింది. అప్పుడు ఇంకా కట్టమని కబురు వస్తుంది. కట్టలేకపోతే ఆ రోజు ధరకే లెక్క తేల్చేస్తారు. రేపు ధర మళ్లీ తిరిగినా అది మన రేపు కాదు. కీన్స్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. ఆయన జోస్యం తప్పలేదు. మార్కు 1923 నాటికి చిత్తు కాగితమైంది, ఫ్రాంకు 1926 వరకు దిగుతూనే వచ్చింది. సంవత్సరాల లెక్క సరిపోయింది, మే నెల లెక్క తప్పింది. అప్పు మీద నడిచేవాడికి మే నెల దాటితేగాని సంవత్సరాలు రావు.

ఆయన ఎలా బయటపడ్డాడంటే, సర్ ఎర్నెస్టు కాసెల్ అనే ధనికుడు 5,000 పౌండ్లు అప్పిచ్చాడు, పుస్తకం రాబడి మీద ప్రచురణకర్తలు 1,500 పౌండ్లు ముందుగా ఇచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. చేతిలో కలం ఉంది, కాలేజీ ఉంది, పత్రికలు డబ్బిచ్చి వ్రాయించుకుంటున్నాయి. మళ్లీ అదే బజారులోకే దిగి 1922 చివరికి అప్పులు తీర్చి మిగుల్చుకున్నాడు కూడా. ఇది చదివి ఎవరైనా ధైర్యం తెచ్చుకుంటారేమో, వారికి ఒక్క మాట. మనకు డెబ్బై ఏళ్లు. కాసెల్ వంటి స్నేహితుడు నాకైతే లేడు.

నా సంగతీ చెప్పాలి, దాచడమెందుకు. 1992 మొదట్లో ఆఫీసంతా షేర్ల మాటే. టీ తాగే చోట కూడా ధరలే. నేను ఉద్యోగుల పరపతి సంఘంలో ఇరవై వేలు అప్పు తీసి, పక్క సెక్షను మిత్రుడు చెప్పిన రెండు కంపెనీల షేర్లు కొన్నాను. ఆ వేసవిలోనే బజారు కూలింది. షేరు పత్రాలు పెట్టెలో మిగిలాయి, వాయిదాలు మాత్రం నెలనెలా జీతంలో కోతపడ్డాయి. మా ఆవిడకు ఆ అప్పు సంగతి జీతం స్లిప్పు చూశాకే తెలిసింది. ఆ తరువాత ఎన్నాళ్లు మాట్లాడలేదో ఇక్కడ వ్రాయను.

మళ్లీ కీన్స్ దగ్గరకు వద్దాం. నాణేల తరువాత సరుకులు. ప్రత్తి, తగరం, రాగి, రబ్బరు, గోధుమ, జనుము, ఇలా చాలా వాటిలో ముందస్తు వ్యాపారం చేశాడు. ఏ సరుకు ప్రపంచంలో ఎక్కడ ఎంత నిలువ ఉందో లెక్కలు కట్టి ప్రచురించినవాడు ఆయన. అయినా 1928లో రబ్బరు ఉత్పత్తిపై ఉన్న కట్టడిని బ్రిటిషు ప్రభుత్వం ఎత్తివేయబోతున్నదని ప్రకటన రాగానే ధర కుప్పకూలి, ఆయన గట్టి దెబ్బతిన్నాడు. ఆ నష్టం పూడ్చడానికి షేర్లు అమ్మవలసి వచ్చింది. 1927 చివర సుమారు 44,000 పౌండ్లున్న ఆస్తి 1929 చివరకు 8,000 లోపుకు దిగింది. 1929 అమెరికా పతనాన్ని కూడా ముందుగా పసిగట్టలేకపోయాడు. ఇంకొక కథ చెబుతారు. ఒకసారి గోధుమ బేరం తిప్పుకోలేక సరుకే దిగుమతి అయ్యే పరిస్థితి వచ్చిందట. ఆ గింజలు కాలేజీ ప్రార్థనామందిరంలో పడతాయా అని కొలతలు చూశాడట. నిజమెంతో గాని, సరుకు చూడకుండా కొనేవాడికి తగిన కథే.

ఈయన సొంత డబ్బు ఇలా ఉండగా, కింగ్స్ కాలేజీ తన డబ్బు పెట్టె ఈయన చేతికే ఇచ్చింది. 1924 నుండి కాలేజీకి ప్రథమ బర్సరు, అంటే కోశాధికారి. అప్పటివరకు అటువంటి సంస్థలు భూములు, ప్రభుత్వ బాండ్లు తప్ప వేరేవి ముట్టేవి కావు. యుద్ధకాలంలో ధరలు రెట్టింపు దాటినా బాండు ఇచ్చేది అదే వడ్డీ. కాగితం మీద అసలు భద్రం, అంగట్లో మాత్రం సగం కూడా కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్టు వడ్డీ, మందుల బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకునే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అందుకని 1920లో 30,000 పౌండ్లతో చెస్ట్ అనే నిధిని విడిగా ఏర్పాటు చేసి దానిని షేర్లలో పెట్టాడు. ఇక్కడ గమనించవలసినది, కాలేజీ ఆస్తినంతటినీ తెచ్చి అందులో పోయలేదు. అది వేరు, ఇది వేరు.

మొదట్లో దేశ ఆర్థిక పరిస్థితి లేచేముందు కొనాలి, పడేముందు అమ్మాలి అని చూశాడు. అంతటి మేధావికి అది కుదరలేదు. 1930, 1931 రెండేళ్లూ చెస్ట్ బాగా తగ్గింది. అప్పుడు పద్ధతి మార్చాడు. తాను బాగా ఎరిగిన కొద్ది కంపెనీలు మాత్రమే, అవి చవకగా ఉన్నప్పుడు కొని, ఏళ్ల తరబడి అట్టిపెట్టడం. ఆస్టిన్, లేలాండ్ మోటారు కంపెనీలు, దక్షిణాఫ్రికా బంగారు గనుల కంపెనీలు అలా కొన్నవే. ఒకదానికొకటి ఎదురు నడిచే రకాలు కలపడం మంచిదని కూడా గ్రహించాడు. 1945 నాటికి చెస్ట్ సుమారు 3,80,000 పౌండ్లయింది. అయితే ఈ దారి కూడా పూలబాట కాదు. 1937-38లో మళ్లీ పెద్ద పతనం వచ్చింది. పదిహేడేళ్లుగా తాను అధ్యక్షుడుగా ఉన్న బీమా కంపెనీలో తోటివారు పడే ధరకు అమ్మేయమంటే, ఈయన కాదని 1938లో ఆ పదవి వదులుకున్నాడు. అందులోనూ కొత్తగా గుండెజబ్బుతో మంచం పట్టి ఉన్న సమయమది. పొద్దున్నే మంచంలోనే పత్రికలు చూసి, దళారులతో ఫోనులో మాట్లాడటం ఆయనకు అలవాటు.

1936లో వచ్చిన ఆయన మహాగ్రంథంలో షేరు బజారును ఒక పత్రిక పోటీతో పోల్చాడు. నూరు ముఖాలు అచ్చువేసి అందమైన ఆరింటిని ఎన్నుకోమంటారు. ఎక్కువమంది ఎన్నుకున్న వాటికి దగ్గరగా వచ్చినవాడికి బహుమతి. అప్పుడు ఎవరు అందగత్తె అని కాదు, అందరూ ఎవరిని అనుకుంటారు అని చూడటం మొదలవుతుంది. నా మనవడికి ఈ ముక్క చదివి వినిపించి క్రిప్టో సంగతి అడిగాను. షేరుకు డివిడెండు ఉంది, ఇంటికి అద్దె ఉంది, బంగారం కనీసం గాజులవుతుంది. 2009లో పుట్టిన ఈ బిట్‌కాయిన్‌కు తరువాత కొనేవాడు ఇచ్చేది తప్ప ఏముందిరా అన్నాను. కొనేవాడు ఉన్నాడు కదా తాతయ్యా అన్నాడు వాడు. సరే, వాడి జీతం వాడిది. కాని 2022 ఏప్రిల్ 1 నుండి దాని లాభం మీద 30 శాతం పన్ను ఉందనీ, ఒకదానిలో నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరనీ వాడికీ తెలియదు. విదేశీ నాణేల వ్యాపారం సెల్‌ఫోనులో చేయిస్తామనేవారి విషయానికి వస్తే, అనుమతి లేనివారి జాబితాను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నుండి ప్రకటిస్తున్నది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే మార్జిన్ వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది 2021-22 నుండి మూడేళ్లలో నష్టపోయారని 2024లో సెబి లెక్క తేల్చింది. కీన్స్ 1920లో ఆ 93లోనే ఉండేవాడు.

రెండవ యుద్ధంలో మళ్లీ ట్రెజరీకి పిలుపు. 1942లో ప్రభువు బిరుదు. 1944లో బ్రెట్టన్‌వుడ్స్ సభలో అంతర్జాతీయ ద్రవ్యనిధికి, ప్రపంచ బ్యాంకుకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. యుద్ధంలో మన దేశం నుండి సరుకులు తీసుకుని బ్రిటన్ బాకీపడ్డ సొమ్ము వంద కోట్ల పౌండ్లు దాటింది. ఆ సంగతి మనవారు సభలో లేవనెత్తితే, అది మీకూ మాకూ మధ్య తేల్చుకునేదని పక్కకు తప్పించినవాడు కూడా ఈయనే. ఇండియా ఆఫీసు ఉప్పు తిన్నవాడు కదా అని నాకు ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంటుంది.

1946 ఏప్రిల్ 21, ఈస్టరు ఆదివారం నాడు ససెక్సులోని టిల్టన్ ఇంట్లో గుండె ఆగి పోయాడు. అరవై రెండేళ్లు. తల్లిదండ్రులిద్దరూ అప్పటికి బ్రతికే ఉన్నారు. 1925లో పెళ్లాడిన రష్యా నర్తకి లిడియా లోపకోవా తరువాత 1981 వరకు జీవించింది. విడిచిన ఆస్తి సుమారు 4,80,000 పౌండ్లు. భార్య జీవితకాలం తరువాత కాలేజీకి చెందేలా వీలునామా వ్రాశాడు.

అందులో ఒక చిన్న పటం ఉంది. 1918 మార్చిలో, పారిస్ మీద జర్మను ఫిరంగులు మ్రోగుతుండగా జరిగిన వేలంలో, సెజాన్ గీసిన ఆపిల్ పండ్ల బొమ్మను 327 పౌండ్లకు కొన్నాడు. లాభానికి కాదు, ఇష్టపడి కొన్నాడు. స్నేహితుల ఇంటికి వెళ్తూ పెట్టె బరువై, ఆ పటాన్ని దారి పక్క కంచెలో దాచి, మిత్రులను పంపి తెప్పించుకున్నాడు. బ్రతికినన్నాళ్లూ దానిని అమ్మలేదు. ఇప్పుడది కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది.