పాట అదే, కింద నడక మారింది: థామస్ డోర్సీ కథ



భజనలో కీబోర్డ్ వాయించే వాళ్లకి ఈ అనుభవం ఉండే ఉంటుంది. అందరికీ వచ్చిన పాటే. మామూలుగా వాయిస్తే ఎవరూ ఏమీ అనరు. మధ్యలో ఒక్క కార్డ్ కొత్తగా వేశామనుకోండి, కుర్రాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. వెనక వరసలో కూర్చున్న పెద్దాయన మాత్రం కళ్లు తెరిచి మనవైపు ఓ చూపు చూస్తారు. దేవుడి పాటలో ఈ సినిమా వాయింపేంటని ఆ చూపుకి అర్థం.

సరిగ్గా ఇదే చూపుని దాదాపు వందేళ్ల కిందట అమెరికాలో ఒకాయన ఎదుర్కొన్నారు. ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ల తరబడి. ఆయనది క్రైస్తవం, ఆయన పాడింది షికాగో చర్చిల్లో. అయినా దేవుడి కోసం వాయిద్యం ముందు కూర్చునే ఎవరికైనా తెలియాల్సిన జీవితం ఆయనది. పేరు థామస్ ఆండ్రూ డోర్సీ. గాస్పెల్ సంగీతానికి తండ్రి అని అక్కడివాళ్లు పిలుచుకుంటారు. (ట్రాంబోన్ వాయించే టామీ డోర్సీ అని ఇంకొకాయన ఉన్నారు. ఆయన వేరు, ఈయన వేరు.)

థియేటర్లో కూల్‌డ్రింకులమ్మిన పిల్లాడు

డోర్సీ 1899 జులై 1న జార్జియా రాష్ట్రంలోని విల్లా రికా అనే చిన్న ఊళ్లో పుట్టారు. అమెరికాలో బానిసత్వం పోయి అప్పటికి ముప్ఫై నాలుగేళ్లే. నాన్న ఊరూరా తిరిగి మతబోధ చేసేవారు, పొలం పనీ చేసేవారు. అమ్మ ఎట్టా చర్చిలో ఆర్గన్ వాయించేది. పిల్లాడికి మొదటి సంగీతం ఆ ఆర్గన్ పక్కనే వినపడింది.

ఆయనకి తొమ్మిదేళ్లు వచ్చేసరికి కుటుంబం బతుకుతెరువు కోసం అట్లాంటా చేరింది. నగరంలో నాన్న బోధలకి గిరాకీ లేదు, కూలి పని చేయాల్సొచ్చింది. అమ్మ ఇంటింటి బట్టలు ఉతికింది. బళ్లో పిల్లలు ఎగతాళి చేస్తుంటే డోర్సీ చదువు మానేసి, డికేటర్ వీధిలో ఉన్న 81 థియేటర్‌లో కూల్‌డ్రింకులు అమ్మే పనిలో చేరారు.

ఆయనకి అసలు బడి అదే అయింది. వేదిక పక్కన పియానో వాయించేవాళ్ల చేతులనే చూస్తూ ఉండేవారు. ఏ వేలు ఎక్కడ పడుతోంది, ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి ఎలా జారుతున్నారు, అన్నీ గుర్తుపెట్టుకుని ఇంటికెళ్లి వాయించి చూసుకునేవారు. కొన్నాళ్లకే రాత్రి పార్టీల్లో పియానో వాయించడం మొదలుపెట్టారు. పోలీసులు వస్తారనే భయంతో ఆ పార్టీల్లో పియానో మెల్లగా, గుసగుసలాడినట్టు వాయించాలి. ఆ మెత్తని చెయ్యి ఆయనకి జీవితాంతం ఉండిపోయింది.

అసలు ఆ జారడం ఏంటి?

ఇక్కడ రెండు నిమిషాలు కీబోర్డ్ దగ్గరికి రండి. ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుంపుని కార్డ్ అంటాం కదా. చర్చి పాటల పుస్తకంలో కార్డ్‌లు నిటారుగా నడుస్తాయి, ఒకటి అయ్యాక ఇంకొకటి. బ్లూస్, రాగ్‌టైమ్ వాయించేవాళ్లు ఆ రెండిటి మధ్యలో ఇంకో కార్డ్ పెడతారు. అది ఉండిపోవడానికి రాదు, దాటించడానికి వస్తుంది. అదే పాసింగ్ కార్డ్.

సి మెట్టుని స అనుకోండి. పాట పై స దగ్గర ఆగి ఉంది. మీ కుడిచేతి చిటికెన వేలు ఆ స మీదే ఉంచండి, కదపొద్దు. ఎడమచేత్తో కింద శుద్ధ మధ్యమం పట్టుకోండి, మధ్యలో చతుశ్రుతి ధైవతం కలపండి. ఇది ఎఫ్ మేజర్. ఇప్పుడు ఎడమచేతిని ఒక్క మెట్టు పైకి, ప్రతి మధ్యమానికి జరపండి. ధైవతం అలాగే ఉంచి సాధారణ గాంధారం కలపండి. చెవికి ఏదో గుబులుగా అనిపిస్తుంది, అక్కడ ఆగలేం. ఇది డిమినిష్డ్ కార్డ్. ఇంకో మెట్టు పైకెళ్లి పంచమం పట్టుకుని, ధైవతం వదిలేసి, అంతర గాంధారం కలపండి. సి మేజర్ వచ్చేసింది. ఊపిరి వదిలినట్టుంటుంది.

గమనించారా, పైన స అసలు కదల్లేదు. పాట మారలేదు. కింద మ1, మ2, ప అని మూడు అడుగులు పడ్డాయంతే. అదే స మొదట స్థిరంగా, తర్వాత దిగులుగా, చివరికి ఇల్లు చేరినట్టుగా వినిపించింది. ఈ మధ్య కార్డ్ సత్రం లాంటిది. అందులో ఒక పూట ఉంటాం కానీ కాపురం పెట్టం.

గాస్పెల్ పియానోలో తరచుగా వినపడే నడక ఇది. డోర్సీ కుర్రతనంలో థియేటర్లలోనూ పార్టీల్లోనూ ఇలాంటివే వినేవారు. దేవుడి పాటకి పనికొస్తాయని మాత్రం అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

రెండు పడవల మీద

1916లో ఆయన షికాగో వెళ్లారు. ఆ రోజుల్లో దక్షిణాది నల్లజాతివారు లక్షల సంఖ్యలో ఉత్తరాది నగరాలకి తరలిపోతున్నారు. అక్కడ డోర్సీ సంగీతం రాయడం, వాద్యబృందానికి కూర్చడం నేర్చుకున్నారు. 1924లో బ్లూస్ మహారాణి మా రెయినీకి బృందం తయారుచేసి ఊళ్లు తిరిగారు. ఆ బృందంలో దుస్తుల సంగతి చూసుకునే నెటీ హార్పర్‌ని 1925లో పెళ్లి చేసుకున్నారు.

పేరొచ్చింది, డబ్బొచ్చింది. 1926లో అన్నీ ఆగిపోయాయి. తీవ్రమైన మానసిక కుంగుబాటు. పియానో ముందు కూర్చోలేకపోయారు. ఇప్పుడైతే డిప్రెషన్ అని పేరు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్తాం, తప్పకుండా వెళ్లాలి కూడా. అప్పట్లో ఆ దారులు తక్కువ. దాదాపు రెండేళ్లు అలా గడిచాయి. ఆ రోజుల్లో నెటీ పని చేసి ఇల్లు నడిపింది. పొరుగున ఒకరు హఠాత్తుగా చనిపోవడం ఆయన్ని కదిలించింది. ఆ దుఃఖంలో ఒక భక్తి పాట రాశారు, ఇక దేవుడి పాటలే రాయాలనుకున్నారు.

అప్పు చేసి స్టాంపులు కొని, 500 చర్చిలకి పాట కాపీలు పోస్ట్ చేశారు. ఒక్క ఆర్డర్ రావడానికి మూడేళ్లు పట్టింది.

ఇల్లు గడవాలి కదా. 1928లో టాంపా రెడ్ అనే గిటార్ కళాకారుడితో కలిసి ఒక కొంటె బ్లూస్ పాట రికార్డ్ చేస్తే అది లక్షల్లో అమ్ముడైంది. అంటే ఒకే మనిషి ఒక చేత్తో కొంటె పాట, ఇంకో చేత్తో భక్తి పాట. ఆయన గురించి చెప్పేటప్పుడు ఈ భాగం దాచేస్తుంటారు. దాచక్కర్లేదు. మనసు ఒక్క రోజులో మారిపోదు, అద్దె మాత్రం నెల నెలా కట్టాలి.

చర్చిల్లో పెద్దల అభ్యంతరం కూడా ఇదే. షికాగోలోని పెద్ద నల్లజాతి చర్చిల్లో అప్పటికి యూరప్ శాస్త్రీయ సంగీతం పాడటమే గౌరవం. చప్పట్లు, ఊగడం మర్యాద కాదు. సారా దుకాణంలో మోగే కార్డ్‌లు గుడి లోపలికి తెస్తున్నాడని డోర్సీని చాలాచోట్ల బయటికి పంపేశారు. పెద్దలది ఉత్త మొండితనమని అనలేం. లోకం తమని తక్కువగా చూస్తున్నప్పుడు, తమ ఆరాధన హుందాగా కనపడాలని వాళ్ల తాపత్రయం. కానీ దక్షిణాది పల్లెల నుంచి కొత్తగా వచ్చిన కూలీలకి ఆ హుందా పాటల్లో తమ గొంతు వినపడలేదు. డోర్సీ వాయింపులో వినపడింది.

1930లో షికాగోలో జరిగిన జాతీయ బాప్టిస్టు మహాసభలో విల్లీ మే ఫోర్డ్ స్మిత్ అనే గాయని ఆయన పాట పాడితే సభ ఊగిపోయింది. కాపీలు వేలల్లో అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది ఎబెనీజర్ చర్చిలో మిత్రుడు థియొడోర్ ఫ్రైతో కలిసి గాస్పెల్ బృందం మొదలుపెట్టారు. 1932లో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి ఆయన్ని పిలిచింది. అక్కడే దశాబ్దాల పాటు ఉండిపోయారు.

1932 ఆగస్టు

నెటీకి నెలలు నిండాయి. డోర్సీ సెయింట్ లూయిస్‌లో పాడటానికి వెళ్లాలి. మనసు ఒప్పుకోకపోయినా మాటిచ్చారు కాబట్టి వెళ్లారు. అక్కడ సభలో ఉండగానే టెలిగ్రామ్ అందింది. కాన్పులో నెటీ చనిపోయింది.

షికాగో చేరేసరికి కొడుకు పుట్టాడన్న కబురు. ఆ పసివాడూ దక్కలేదు. తల్లీ బిడ్డల్ని ఒకే పెట్టెలో పెట్టి ఖననం చేశారు.

దేవుడి పాటలు పాడటానికి వెళ్లిన మనిషికి ఆ దేవుడు ఇచ్చిందేంటని ఆయన లోలోపల నలిగిపోయారు. మళ్లీ బ్లూస్‌కే వెళ్లిపోదామనుకున్నారు. పాట మీద నమ్మకమే పోయింది. కొన్ని రోజులకి ఫ్రై ఆయన్ని పోరో కాలేజీలో పియానో ఉన్న గదికి తీసుకెళ్లారు. డోర్సీ ఊరికే మెట్ల మీద వేళ్లు ఆడించారు. వేళ్ల కిందికి వచ్చింది కొత్త బాణీ కాదు, 1844 నాటి పాత చర్చి బాణీ. దాన్ని కొద్దిగా మార్చి, బాగా నెమ్మది చేసి, అలసిపోయిన మనిషి చెయ్యి చాచి నడిపించమని వేడుకునే మాటలు పెట్టారు. అదే టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్.

లోకమంతా తెలిసిన ఈ పాటలో బాణీ చాలావరకు పాతదే. ఆ పాత బాణీ కింద ఆయన వేసిన నడకే కొత్తది. గుబులు పెట్టే కార్డ్‌ని దాచకుండా వినిపించి, అక్కడే ఆగిపోకుండా దాటించడం ఆయనకి చేతులతో ఎప్పటి నుంచో వచ్చు. ఆ రోజు అది జీవితానికి కావాల్సొచ్చింది.

చేతులు మారిన విద్య

తర్వాత డోర్సీ ఎక్కువగా చేసింది నేర్పించడమే. శాలీ మార్టిన్ ఆయన పాటల ప్రచురణని ఒక గాడిలో పెట్టింది. ఇద్దరూ ఇంకొందరితో కలిసి దేశమంతటా గాస్పెల్ బృందాల సమాఖ్య కట్టారు. అచ్చువేసిన కాగితాల్లో డోర్సీ స్వరాలు సాదాగానే రాసేవారు. మధ్యలో నింపుకోవడం పాడేవాళ్ల, వాయించేవాళ్ల వంతు. అందుకే ఆ విద్య పుస్తకం నుంచి కాకుండా, ఒకరి చేతులు చూసి ఇంకొకరు నేర్చుకునేలా సాగింది. ఎబెనీజర్‌లో పియానో ముందు కూర్చున్న రాబర్టా మార్టిన్ దానికి ఇంకా నాజూకు తెచ్చింది. పిల్‌గ్రిమ్ చర్చిలో చిన్నపిల్లాడిగా పాడిన జేమ్స్ క్లీవ్‌లాండ్ ఆమె వాయింపు వింటూ పెరిగి, తర్వాతి తరానికి గురువయ్యాడు. థియేటర్ వేదిక పక్కన కూల్‌డ్రింకుల పిల్లాడు నేర్చుకున్న పద్ధతే ఇది.

మహాలియా జాక్సన్‌కి ఆయనే పియానో వాయిస్తూ ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగారు. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకి కొద్ది క్షణాల ముందు, ఆ రాత్రి సభలో ఈ పాటే వాయించమని ఒక వాద్యకారుణ్ణి అడిగారు. ఆయన అంత్యక్రియల్లో దాన్ని మహాలియా పాడింది. 1993 జనవరి 23న, 93 ఏళ్ల వయసులో, డోర్సీ షికాగోలో కన్నుమూశారు. ఒకప్పుడు ఆయన్ని గెంటేసిన సంగీతం లేకుండా ఆ ఊరి చర్చిల్లో ఆదివారం గడవడమే అరుదు.

మరి మన సంగతి?

వెనక వరస పెద్దాయన దగ్గరికి వద్దాం. ఈ రోజు మన భజన అంటే గుర్తొచ్చే హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చిందే. గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది, ముప్ఫై ఏళ్లు దాటాక గానీ సడలించలేదు. అన్నమయ్య అయితే జోలపాట, సువ్వి, కోలాటం లాంటి జనం బాణీల్ని తీసుకెళ్లి స్వామి ముందు పెట్టారు. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కటే లెక్క కాదు.

అలాగని ఆ చూపుని కొట్టిపారేయొద్దు. అందులో ఒక పాఠం ఉంది. ముందు పాట నోటికి పూర్తిగా రావాలి, సాహిత్యం అర్థం తెలియాలి. తర్వాత ఎడమచేతి నడక. పాసింగ్ కార్డ్ చివరిది. గమకాలతో నడిచే కీర్తనలో అది వేస్తే రాగం దెబ్బతింటుంది, వేయొద్దు. శంకరాభరణం స్వరాల్లో తిన్నగా సాగే నామసంకీర్తనలో, స్వరం నిలబడి మాట అయిపోయిన చోట ఒక్కటి వేసి చూడండి. నామం పలికే చోట చెయ్యి తగ్గించండి.

ఈ శనివారం ఒక్క పాట తీసుకుని, మ1, మ2, ప ప్రయత్నించండి. అయ్యాక ఆ పెద్దాయన్ని ఎలా ఉందని మీరే వెళ్లి అడగండి. ఏమన్నారో కింద మాకూ రాయండి.

శుభం.