దైవజనుల జీవితములు: బందరు నోబుల్ దొరగారు

ధ్యాన భాగములు: దానియేలు 1వ అధ్యాయము, యాకోబు 2:1–9, గలతీయులకు 3:23–28



గత మాసమున ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘ పెద్దలలో ఒకరు, మామిడి తోటలు గుత్తకు పట్టువారు, వచ్చి నా యింటి అరుగు మీద కూర్చుండిరి. వారి కుమార్తె పట్టణమున ఒక క్రైస్తవ కళాశాలలో చేరి, అచ్చటి వసతి గృహములో నున్నది. ఉదయ ప్రార్థనకు రాని పిల్లకు జరిమానా. చీకటి పడకముందే గేటుకు తాళము. ఫోను వార్డెను గారి బీరువాలో. ప్రభువు పేర నడచు కళాశాల పిల్లలను ఇట్లు కట్టడి చేయుట న్యాయమేనా అయ్యగారూ, అని వారి సందేహము. ఆ కట్టడి చూచియే పిల్లను అక్కడ చేర్చితిమని వారి యింటివారు వాదించుచున్నారట.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ రాత్రి దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చదువుకొంటిని. అదియు ఒక కళాశాల కథయే గదా! బబులోను రాజు యూదా బాలురను ఏరించి, కల్దీయుల భాషయు విద్యయు నేర్పింప నియమించెను. వారి భోజనమును ఆయనయే ఏర్పరచెను. వారి పేర్లను సహితము మార్పించిరి. ఆ నలుగురు బాలురు చదువు నేర్చిరి, క్రొత్త పేర్లకు పలికిరి. భోజనము దగ్గర మాత్రము ఆగిపోయిరి. రాజు పెట్టిన నియమము కంటె వారు తమ హృదయములో పెట్టుకొనిన నియమము బలమైనదాయెను.

అప్పుడు నాకు బందరు నోబుల్ దొరగారు జ్ఞాపకమునకు వచ్చిరి. నోబుల్ కళాశాల పేరు మనలో అనేకులు ఎరుగుదురు. ఆ పేరుగల మనుష్యుని ఎరిగినవారు తక్కువ. అందుచేత వారి చరిత్రను ఈ మాసము మీ ముందు ఉంచుచున్నాను.

రాబర్టు నోబుల్ గారు 1809వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో, లెస్టర్‌షైరు సీమలోని ఫ్రిస్బీ అను పల్లెటూరి గురువుగారి యింట జన్మించిరి. కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్సు కళాశాలలో చదివిరి. ఆ దినములలో ఆ దేశపు రెండు ప్రాచీన విశ్వవిద్యాలయములును మత నియమముతో నడచుచుండెను. ఆక్స్‌ఫర్డులో చేరు విద్యార్థి ఇంగ్లండు సంఘపు ముప్పది తొమ్మిది మత సూత్రములకు సంతకము చేయవలెను. కేంబ్రిడ్జిలో చదువుకొనవచ్చును గాని, తాను ఆ సంఘ సభ్యుడనని ఒప్పుకొననివానికి పట్టా దొరకదు. బాప్టిస్టులకును, రోమను కథోలికులకును, యూదులకును ఆ తలుపు మూయబడియుండెను. 1854, 1856 చట్టములతో ఆ నియమము సడలెను. 1871 చట్టముతో చాలవరకు తొలగెను. ఆ కంచె లోపల పెరిగిన యువకుడే మన సీమకు వచ్చి బడి పెట్టెనని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

1841లో చర్చి మిషనెరీ సొసైటీ వారు నోబుల్ గారిని, హెన్రీ ఫాక్సు గారిని తెలుగు దేశమునకు పంపిరి. ఇరువురును బందరు చేరి తెలుగు నేర్చుకొనిరి. ఫాక్సు గారు ఊరూర తిరిగి సువార్త ప్రకటించిరి. భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యము చెడి, 1848లో ముప్పది యొకటవ యేట స్వదేశమున ప్రభువునందు నిద్రించిరి. నోబుల్ గారు 1843లో బందరులో ఇంగ్లీషు బడి తెరచి, దానిలోనే తమ జీవితమును ధారపోసిరి. వివాహము చేసికొనలేదు. ఇరువది నాలుగు సంవత్సరములలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు.

ఆ బడికి ఒక నియమము ఉండెను. ఏ కులపు పిల్లవాడైనను, ఏ మతపు పిల్లవాడైనను, దినదినము బైబిలు పాఠము చదువవలెను. కచ్చేరీ ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెనని కోరిన తండ్రులు ఆ నియమమును ఎరిగియే పిల్లలను పంపిరి. నోబుల్ గారు దానిని దాచలేదు, వేరే పేరు పెట్టి లోపలికి తేలేదు. ఆ పుస్తకము ప్రకారము తాము ముందుగా బ్రతుకుచు పిల్లలకు నేర్పిరి. ఇది మెచ్చుకొనదగినది.

అయితే ప్రియులారా, ఆ బడికి మరియొక నియమమును ఉండెను. దానిని చెప్పకుండ దాటిపోయినచో నేను సత్యము చెప్పినవాడను కాను. మాల మాదిగ గృహముల పిల్లలను నోబుల్ గారు ఆ బడిలో చేర్చుకొనలేదు. వారిని చేర్చుకొనినచో బ్రాహ్మణులు మొదలగువారు తమ పిల్లలను తీసికొనిపోదురనియు, పై కులములవారు ముందు ప్రభువును ఎరిగినచో తక్కినవారు వారి వెంట వత్తురనియు ఆయన తలంచిరి. సంఘములో కులము నిలువరాదని మద్రాసులోని మిషనెరీలు 1850లో తీర్మానించిన కాలమది. తోటి మిషనెరీలలో కొందరు ఆయన పద్ధతిని ఆక్షేపించిరి. ఆయన మార్చుకొనలేదు.

ఈ మాట వ్రాయునప్పుడు నా చేయి కొంత ఆగినది. ఈ పత్రిక చదువు మనలో అనేకుల తాత ముత్తాతలు ఆ తలుపు బయట నిలిచినవారే. వారి పిల్లలు ఏ తప్పును చేయలేదు, ఏ నియమమును మీరలేదు. పుట్టుకయే వారికి అడ్డమాయెను. బంగారు ఉంగరము గలవానికి మంచి స్థలము చూపి, దరిద్రుని నిలుచుండుమని చెప్పు సంఘమును యాకోబు గారు గద్దించిన అధ్యాయమును నోబుల్ గారు చదువకపోలేదు. దైవభక్తుడును తన కాలపు కంచెను దేవుని కంచెయని భ్రమించవచ్చునని దీనివలన నేర్చుకొనుచున్నాము.

1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు ప్రభువును ఒప్పుకొని బాప్తిస్మము పొందిరి. వారు మంచాల రత్నము, ఐనాల భూషణము అనువారు. ఒకరు బ్రాహ్మణ కుటుంబమువారు, ఒకరు వెలమ కుటుంబమువారు. పట్టణము కలత చెందెను. తలిదండ్రులు పిల్లలను తీసికొనిపోగా బడి ఖాళీ ఆయెను. ఏ కులముల వారిని నిలుపుకొనుటకు బీదల పిల్లలను బయట ఉంచిరో, ఆ కులముల వారే వెళ్లిపోయిరి! కొంత కాలమునకు పిల్లలు మరల వచ్చిరి. బైబిలు పాఠమును నోబుల్ గారు తీసివేయలేదు. రత్నము గారును భూషణము గారును అదే బడిలో ఉపాధ్యాయులైరి. కులము విడిచినవారి యెదుట కులము గలవారి పిల్లలు కూర్చుండి పాఠము వినిరి.

ఇక దేవుని మార్గము చూడుడి. ఆ బడి పైవారికొరకు తెరచియుండగానే, నందిగామ ప్రాంతపు రాఘవాపురములో మాల కులమునకు చెందిన పగోలు వెంకయ్య గారు సత్యదేవుని వెదకుచుండిరి. ఆయనకు ఇంగ్లీషు రాదు, కళాశాల లేదు, నియమావళి లేదు. బెజవాడలో అదే మిషను వారైన డార్లింగు గారిని కలిసికొని, 1859లో బాప్తిస్మము పొందిరి. ఆయన మూలముగా ఊరి వెంట ఊరు విశ్వాసములోనికి వచ్చెను. మన కృష్ణా తీరపు పల్లెలలో నిలిచిన అనేక సంఘములకు మొదలు అచ్చటనే యున్నది. నోబుల్ గారు పైనుండి క్రిందికి దిగునని తలంచిన జీవజలము క్రిందనుండియే ఊరెను.

1864లో రత్నము గారును భూషణము గారును గురుత్వమునకు అభిషేకింపబడిరి. ఆ యేడు నవంబరు 1వ తేదీన తుపానుతో సముద్రము బందరు మీదికి పొంగి సుమారు ముప్పది వేల మంది మృతినొందిరి. మరుసటి సంవత్సరము, 1865 అక్టోబరులో, నోబుల్ గారు అదే పట్టణమున కన్నుమూసిరి. నేడు ఆయన పేరుగల కళాశాలలో ఏ కులపు పిల్లయైనను చేరవచ్చును. ఆయన మూసిన తలుపును ప్రభువు ఆయన పేర తెరచెను.

మన తోటలలో అంటు నాటిన యేడు చుట్టు ముళ్ళకంప కట్టుదుము. కట్టనియెడల మేకలు చిగురు మిగుల్చవు. గనుక కంప తగదని నేను చెప్పను. అయితే కంప వలన కాయ కాయదు. వేరు నీరు త్రాగవలెను. మేకను ఆపవలసిన కంప నీళ్ళు తెచ్చు పిల్లను ఆపకూడదు.

నేను వేదాంత విద్యాలయములో చదివిన దినములలో తెల్లవారుజామున ఐదు గంటలకు ప్రార్థన గంట మ్రోగెడిది, హాజరు పిలిచెడివారు. కేవలము హాజరు పట్టీ కొరకు నేను లేచిన ఉదయములు కలవు. ప్రభువు క్షమించును గాక. మా వృద్ధ ఉపాధ్యాయులొకరి పేరు ఆ పట్టీలో లేదు. అయినను మాకంటె ముందుగా వచ్చి, చివరి బల్లయొద్ద మోకరించియుండెడివారు. నన్ను నిద్ర లేపినది గంట. నాకు ప్రార్థన నేర్పినది ఆయన.

ఈ మాటలన్నియు మన పెద్దగారితో చెప్పి, నా జవాబును చెప్పితిని. వేళకు గేటు మూయుట, మద్యము నిషేధించుట, చదువు వేళ ఫోను ప్రక్కన పెట్టించుట మొదలగువాటిని క్రైస్తవ కళాశాల అడుగవచ్చును. వాటిని చేరకముందే తెలుపవలెను. ధనవంతుని పిల్లకును కూలివాని పిల్లకును ఒక్కటిగా ఉంచవలెను. పెట్టినవారు తాము ముందు పాటింపవలెను. ప్రార్థనకు జరిమానా మాత్రము తగదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము మైనారిటీలకు తమ విద్యాలయములను నడుపుకొను హక్కును 30వ అధికరణములో ఇచ్చినది. ప్రభుత్వ సహాయమో గుర్తింపో గల విద్యాలయములో, మనస్సు లేనివారిని ఆరాధనకు రమ్మని నిర్బంధింపరాదని 28వ అధికరణములో చెప్పినది. చట్టము చెప్పకపోయినను సువార్త చెప్పుచున్నది. జరిమానా చెల్లించి మానివేయు ధనవంతుని బిడ్డకు అది భారము కాదు. ఆ రూపాయలకు ఒక పూట కూలి చేయు తల్లికి భారము. ప్రార్థనను వెలకట్టినచో బీదవాడే దండుగ కట్టును. ధర్మశాస్త్రము క్రీస్తునొద్దకు నడిపించు బాలశిక్షకుడని పౌలు గారు గలతీయులకు వ్రాసిరి. బాలశిక్షకుడు బిడ్డను బడివరకు తీసికొనిపోవును. బిడ్డలో ప్రేమ పుట్టింపలేడు.

కాయ కోతలు ముగిసిన పిమ్మట కళాశాలకు పోయి ప్రిన్సిపాలు గారితో వినయముగా మాట్లాడుదుమని మన పెద్దగారు అనిరి. నేనును వెంట వత్తునంటిని.

ప్రార్థన: ప్రభువా, మాకు చదువు తెచ్చిన దైవజనుల కొరకు నీకు స్తోత్రము. వారి భక్తిని మాకు దయచేయుము. వారి పొరపాటునుండి మమ్మును తప్పించుము. మేము కట్టు కంచెలు నీ చిన్నబిడ్డలలో ఒక్కరినైనను బయట నిలుపకుండునట్లు కాపాడుము. దూరమున చదువుకొను మా పిల్లల హృదయములలో దానియేలు హృదయమును పుట్టించుము. ఆమేన్.