వేసవి సెలవుల్లో ఇల్లులేని పిల్లలు – ఆమోసు సట్టన్ దొరగారి జీవితం



వేసవి సెలవులు రాగానే మన బోర్డింగులు ఖాళీ అవుతాయి. తల్లిదండ్రులో మేనమామలో వచ్చి పిల్లల ట్రంకుపెట్టెలు మోసుకొని తీసుకువెళ్తారు. అయితే అనాథ పిల్లల హోములలో ఎవరూ రాని పిల్లలు కొందరు మిగిలిపోతారు. వారికి అక్కడి వసారాయే ఇల్లు, అక్కడి వార్డెను అమ్మగారే బంధువు. ఒడిశా దేశంలో అటువంటి పిల్లలకోసం తొలి రోజుల్లోనే పాటుపడిన మిషనరీ ఆమోసు సట్టన్ దొరగారు. తెలుగు బాప్తిస్టులమైన మనం ఆయనకు మరొక విధంగా కూడా ఋణపడి ఉన్నాము.

సట్టన్ గారు 1802లో ఇంగ్లండులోని కెంటు ప్రాంతంలో సెవెనోక్స్ అనే ఊరిలో జన్మించారు. ఆయనను పంపిన జనరల్ బాప్తిస్టు మిషను 1822లోనే కటకంలో పని ప్రారంభించింది. బాంప్టన్, పెగ్స్ అనే ఇద్దరు దొరలు ఆ పనికి పునాది వేశారు. సట్టన్ గారు 1825లో భార్య షార్లెట్ గారితో కలిసి వచ్చారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్ళు. ఆ సంవత్సరమే ఆమె పూరీలో కన్నుమూసింది. కొత్త దేశం, రాని భాష, పక్కన భార్య లేదు. అయినా ఆయన తిరిగి వెళ్ళలేదు. తరువాత, అంతకుముందే మరణించిన కోల్మన్ అనే అమెరికను మిషనరీ గారి భార్యను వివాహమాడారు. ఆ దొరసాని గారు పిల్లల పనిలో ఆయనకు కుడిభుజమైనారు.

ఆ రోజుల్లో పూరీ రథయాత్రకు జనం వందల మైళ్ళు కాలినడకన వచ్చేవారు. ఎండ తగ్గీ తగ్గక ముందే యాత్ర, వానలు పడగానే కలరా. దారి పొడవునా ఎందరో ప్రాణాలు విడిచేవారు. ఈ దుఃఖమంతా సట్టన్ గారు కళ్ళారా చూశారు. తల్లిదండ్రులు పోయిన పిల్లలకు ఒక పూట గంజి పోసి పంపితే చాలదని, వారు పెరిగి పెద్దయ్యేవరకు ఉండే చోటు కావాలని గ్రహించారు. కటకంలోని అనాథ శరణాలయం ఆ భారంతోనే నడిచింది.

ఇక్కడ మన బరంపురం సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ మిషనులో మొట్టమొదట బాప్తిస్మము పొందినవాడు ఒడియావాడు కాడు, ఎరున్ అనే తెలుగువాడు, నేతపని చేసుకునేవాడు. 1827 క్రిస్మసు దినాన బరంపురంలో బాంప్టన్ గారు అతనికి బాప్తిస్మమిచ్చారు. పని ఒడియావారి కోసం ఆరంభమైనా మొదటి ఫలము తెలుగు ఇంటినుండి వచ్చింది.

ఆరోగ్యము చెడి సట్టన్ గారు కొంతకాలం సెలవుపై వెళ్ళి, అమెరికాలో సంఘాలను దర్శించారు. 1835లో రిచ్మండు పట్టణంలో కూడిన బాప్తిస్టు మహాసభలో, ఒడిశాకు దక్షిణాన ఉన్న తెలుగువారికి ఎవరూ లేరని ఆయన విన్నవించారు. ఆ మనవి ఫలించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆయన ఎక్కిన ఓడలోనే తెలుగు దేశానికి నియమింపబడిన శామ్యూల్ డే గారు కూడా బయలుదేరారు. డే గారు 1836లో విశాఖపట్నం చేరి, కొంతకాలం శ్రీకాకుళంలో ఉండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. నెల్లూరు, ఒంగోలు మిషను చరిత్ర మనకందరికీ తెలిసినదే. దాని మొదటి పేజీలో కటకం దొరగారి మనవి ఉన్నదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన తిరిగి వచ్చిన కాలంలోనే గంజాం కొండలలో మెరియా నరబలుల సంగతి బయటపడింది. మైదానపు ఊళ్ళనుండి పిల్లలను ఎత్తుకుపోయో, కొనుక్కుపోయో కొండలలో అమ్మేవారు. ప్రభుత్వపు అధికారులు 1837 మొదలు 1854 వరకు పదిహేను వందల మందికి పైగా విడిపించారు. విడిపించడంతో కష్టం తీరిపోలేదు. చిన్నతనంలోనే అమ్ముడుపోయిన పిల్లకు తన ఊరి పేరు తెలియదు, అమ్మ ముఖం గుర్తులేదు. వీరిలో కొందరిని బరంపురం, కటకం మిషను శరణాలయాలకు అప్పగించారు. బరంపురంలో స్టబ్బిన్స్ దొరగారు, కటకంలో సట్టన్ దంపతులు అటువంటి పిల్లలను చేర్చుకున్నారు.

ఆ శరణాలయాలలో చదువు, పని, ప్రార్థన కలిసే నడిచేవి. పిల్లలకు చదువు ఒడియాలో చెప్పేవారు. సట్టన్ గారు ఆ భాషకు వ్యాకరణము, మూడు సంపుటాల నిఘంటువు వ్రాశారు. 1844కు పాత నిబంధన అనువాదము ముగించారు. ఇంత పాండిత్యం గల మనిషి అక్షరాలు రాని అనాథ పిల్లల భారం కూడా మోశారు. పెరిగిన పిల్లలకు పెండ్లిండ్లు చేసి, కటకం చుట్టుపక్కల వెలసిన క్రైస్తవ పల్లెలలో కాపురం పెట్టించేవారు. ఒకనాడు ఎవరూ లేని పిల్లకు భర్త, బిడ్డలు, ఇరుగుపొరుగు, గుడి ఏర్పడ్డాయి. ఆమె బిడ్డలకు వెళ్ళేందుకు ఒక అమ్మమ్మగారి ఊరు ఏర్పడింది. శరణాలయపు పని అక్కడికి వచ్చినప్పుడే పూర్తి అయినట్టు.

1854 ఆగస్టు 17న సట్టన్ గారు కటకంలోనే ప్రభువునందు నిద్రించారు. పన్నెండేళ్ళ తరువాత పెద్ద పరీక్ష వచ్చింది. 1865లో వానలు తప్పిపోయి, 1866 వేసవికి బియ్యం కనబడలేదు. ఆ కరువులో సుమారు పదిలక్షల మంది చనిపోయారని చెబుతారు. కటకం, పిప్పిలి, బరంపురం మిషను శరణాలయాలు వందలకొలది అనాథలను చేర్చుకున్నాయి. అప్పటికే ఇళ్ళు, నేర్పేవారు, ముప్పై ఏళ్ళ అనుభవం సిద్ధంగా ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. కరువు వచ్చాక కట్టడం మొదలుపెడితే ఎందరు బ్రతికేవారు?

హల్దియాపదర్‌లో గాని, బరంపురంలోని మరే పేటలో గాని, ఇంకా దూర దేశాలలో గాని స్థిరపడిన మనకు ఈ జీవితం ఒక మాట చెబుతుంది. మనమూ ఒకప్పుడు ఊరు విడిచి వచ్చినవారమే. పరాయి చోట పలకరించేవారు లేని పండుగపూట ఎలా ఉంటుందో మనకు ఎరుకే. హోములకు బియ్యం, దుప్పట్లు క్రిస్మసుకు పంపుతున్నాము, మంచిదే. మే నెలలో మాత్రం అటువైపు వెళ్ళేవారు అరుదు. ఈ వేసవిలో మీ సంఘానికి దగ్గరలోని హోము పెద్దలను అడిగి, మిగిలిపోయిన పిల్లలు ఎందరో తెలుసుకొనండి. వి.బి.యస్.లో మన పిల్లల పక్కన వారిని కూర్చోబెట్టండి. యౌవనస్థులు సాయంత్రం వెళ్ళి వారితో బంతి ఆడవచ్చు. స్త్రీల సమాజము వారు మామిడిపండ్లు, ముంజెలు పట్టుకొని వెళ్ళి ఒక పూట వారితో కలిసి వండి తినవచ్చు. హోములోని వృద్ధులనూ మరువవద్దు. వారికీ ఎండాకాలపు మధ్యాహ్నాలు చాలా పొడుగు.

సట్టన్ దొరగారు మనకోసం అడిగినందుకు మన పితరులకు సువార్త అందింది. అడిగేవారు లేని పిల్లలకోసం అడగడం ఇప్పుడు మన వంతు.