న్యాయమూర్తి సర్ అబ్దుర్ రహీం: వంశమూ, వారసత్వమూ

వంశచరిత్ర అనగానే మాన్యాలు, మేడలు, బిరుదులు మనకు స్ఫురించుట సహజం. కాని కొన్ని కుటుంబాలలో తరతరాలకు నిలిచిన ఆస్తి విద్యయే. సర్ అబ్దుర్ రహీం గారి కుటుంబం అట్టిది. ఆయన వంగదేశీయులైనను మనకు పరాయివారు కారు. 1908 నుండి 1920 వరకు ఆయన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి. ఆనాడు వేటపాలెం గుంటూరు జిల్లాలో, మద్రాసు రాజధానిలో భాగం. మన పూర్వుల అప్పీళ్లు చేరిన ఉన్నత న్యాయస్థానం అదియే.

ఆయన 1867లో మిద్నాపూరు ప్రాంతంలో, విద్యావంతులైన ముస్లిం కుటుంబంలో జన్మించారు. తండ్రి పేరు అబ్దుర్ రబ్. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ఇంగ్లండు వెళ్లి, 1890లో బారిష్టరై తిరిగివచ్చారు. 1907లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన టాగూరు న్యాయోపన్యాసాలు ఇస్లాం ధర్మశాస్త్ర మూలసూత్రాలను వివరించే గ్రంథంగా 1911లో వెలువడినవి. నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు అది ప్రామాణికం.

మద్రాసులో ఉండగానే 1912లో ప్రభుత్వోద్యోగాలపై నియమితమైన ఇస్లింగ్టన్ కమిషనులో ఆయన సభ్యులైనారు. తోటి సభ్యులతో ఏకీభవించక ప్రత్యేకంగా అసమ్మతి పత్రం వ్రాశారు. ఉద్యోగాలలో భారతీయులకు ఎన్ని ఇవ్వవలెనన్నది అసలు ప్రశ్న కాదనీ, విదేశీయుల అవసరం ఎంతవరకున్నదో ముందు తేల్చవలెననీ అందలి సారాంశం. ప్రభుత్వ పదవిలో ఉండి ఇట్లు వ్రాయుటకు ధైర్యం కావలెను.

1921 నుండి 1925 వరకు ఆయన బెంగాలు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యులు. 1925లో ఆలీగఢ్‌లో ముస్లిం లీగు మహాసభకు అధ్యక్షత వహించి, హిందూ ముస్లిములు వేర్వేరు సమాజాలని వాదించారు. భారతీయులందరి హక్కుకై కలం పట్టిన వ్యక్తియే ఇట్లు పలుకుట ఆనాడు వివాదానికి కారణమైనది. చరిత్ర చదువువారు ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడవలెను.

1935 నుండి 1945 వరకు ఆయన కేంద్ర శాసనసభాధ్యక్షులు. ముస్లిం స్త్రీలు న్యాయస్థానం ద్వారా విడాకులు కోరుటకు వీలు కల్పించిన 1939 నాటి చట్టం ఆయన అధ్యక్షతా కాలంలోనే ఆమోదం పొందినది.

ఇక సంతతి. కుమార్తె నియాజ్ ఫాతిమాను హుసేన్ షహీద్ సుహ్రవర్దీ వివాహమాడారు. ఆయన కూడా బారిష్టరే. 1956లో పాకిస్తాను ప్రధాని అయినారు. సుహ్రవర్దీ తండ్రి జాహిద్ కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి. ఆ దంపతుల మనుమరాలు షాహిదా జమీల్ తరువాతి కాలంలో పాకిస్తాను న్యాయశాఖ మంత్రిణి. నాలుగు తరాలు గడచినను న్యాయవిద్య ఆ ఇంటిని వీడలేదు.

అయితే దేశవిభజన ఆ ఇంటిని రెండు దేశాల పాలు చేసినది. మిద్నాపూరులో మొదలైన జీవితం 1952లో కరాచీలో ముగిసినది. నేల చేజారినను విద్య చేజారలేదు.

విద్యార్థులారా! ఇట్టి జీవితాలను వెదకుటకు దూరం పోనక్కరలేదు. 1918లో వెలసిన మన సారస్వత నికేతనంలో ఆనాటి పత్రికలు పదిలంగా ఉన్నవి. వాటిని తిరగవేయండి. మీ వంశంలో న్యాయమూర్తులు లేకపోవచ్చును. మొదటివారు మీరే కావచ్చును.