అడ్లై స్టీవెన్సన్

అడ్లై యూయింగ్ స్టీవెన్సన్ (ఫిబ్రవరి 5, 1900 - జూలై 14, 1965) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రాజకీయ నాయకుడు, న్యాయవాది, దౌత్యవేత్త. ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నరుగా (1949-1953), ఐక్యరాజ్య సమితిలో అమెరికా రాయబారిగా (1961-1965) పనిచేశాడు. డెమోక్రటిక్ పార్టీ తరఫున 1952లోను, 1956లోను అధ్యక్ష పదవికి పోటీచేసి రెండుసార్లూ ఐసెన్‌హోవర్ చేతిలో ఓడిపోయాడు. 1956 ఎన్నికల ప్రచారంలో ఉదజని బాంబు పరీక్షలు నిలిపివేయాలని ప్రతిపాదించి, అణ్వస్త్ర నియంత్రణను అధ్యక్ష ఎన్నికలలో చర్చనీయాంశంగా మార్చాడు. ఆ ప్రతిపాదన అప్పట్లో ఇతడికి నష్టమే కలిగించింది. ఏడేళ్ల తరువాత దానిలోని ముఖ్యాంశం అంతర్జాతీయ ఒప్పందమైంది.

బాల్యం, విద్యాభ్యాసం

స్టీవెన్సన్ లాస్ ఏంజిలెస్ నగరంలో జన్మించి ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ పట్టణంలో పెరిగాడు. వీరిది రాజకీయ కుటుంబం. ఇదే పేరు గల ఇతడి తాత అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ వద్ద 1893 నుండి 1897 వరకు ఉపాధ్యక్షుడు. తల్లి వైపు ముత్తాత జెస్సీ ఫెల్ అబ్రహాం లింకన్‌కు మిత్రుడు, లింకన్‌ను అధ్యక్ష పదవికి ప్రోత్సహించినవారిలో ఒకడు.

1912 డిసెంబరులో, పన్నెండేళ్ల వయసులో, ఇంట్లో తుపాకీ పట్టుకొని ఉండగా అది ప్రమాదవశాత్తు పేలి ఒక బాలిక మరణించింది. ఈ సంఘటన గురించి స్టీవెన్సన్ దశాబ్దాలపాటు ఎవరితోనూ మాట్లాడలేదని జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఇతడి తరువాతి నడవడికి అంతటికీ దీనినే మూలంగా చూపేవారున్నారు గాని, అది ఊహ మాత్రమే.

1922లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం మొదలుపెట్టి మధ్యలో విరమించి, చివరకు 1926లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పట్టా పొందాడు.

గవర్నరు పదవి, 1952 ఎన్నిక

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళ మంత్రి ఫ్రాంక్ నాక్స్‌కు సహాయకుడిగా ఉన్నాడు. 1945లో ఐక్యరాజ్య సమితి స్థాపనకు శాన్ ఫ్రాన్సిస్కోలోను, తరువాత లండన్‌లోను జరిగిన సన్నాహాలలో పాల్గొన్నాడు. 1948లో ఇల్లినాయ్ గవర్నరుగా 5 లక్షల 72 వేల ఓట్ల ఆధిక్యతతో గెలిచాడు.

1952లో అధ్యక్షుడు ట్రూమన్ కోరినా పోటీకి సుముఖత చూపలేదు. షికాగోలో జరిగిన పార్టీ మహాసభ మాత్రం మూడవ విడత ఓటింగులో ఇతడినే ఎన్నుకొన్నది. ఉపన్యాసాలను స్వయంగా దిద్దుకొనేవాడు. ఆ భాషాపటిమకు చదువుకున్నవారు ముగ్ధులయ్యారు. ప్రత్యర్థులు మాత్రం గుడ్డు వంటి బట్టతల గల మేధావి అని ఎగతాళిచేస్తూ ఎగ్‌హెడ్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఆ ప్రచారంలో అరిగిపోయిన బూటు అడుగున రంధ్రం కనిపించేలా తీసిన ఇతడి ఛాయాచిత్రానికి 1953లో పులిట్జర్ బహుమతి లభించింది. యుద్ధ వీరుడిగా పేరుపొందిన ఐసెన్‌హోవర్ 442 ఎలక్టొరల్ ఓట్లు సాధించగా స్టీవెన్సన్‌కు 89 మాత్రమే దక్కాయి. ఓటమి తరువాత 1953లో ప్రపంచ యాత్ర చేసి, అందులో భాగంగా భారతదేశానికి వచ్చి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూను కలిశాడు.

ఉదజని బాంబు పరీక్షల సమస్య

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవులలో ఒక ఉదజని బాంబును పరీక్షించింది. దాని శక్తి 15 మెగాటన్నులు, అంటే హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. శాస్త్రజ్ఞుల అంచనాకు రెండున్నర రెట్లు ఎక్కువగా పేలిన ఆ బాంబు నుండి రేడియోధార్మిక ధూళి చుట్టుపక్కల దీవులపైనా, దూరంగా చేపలు పడుతున్న ఒక జపాను పడవపైనా రాలింది. పడవలోని 23 మంది జబ్బుపడ్డారు, ఒకరు కొన్ని నెలలకు మరణించారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ, పూర్తి నిరాయుధీకరణ కుదిరేలోగా కనీసం పరీక్షలనైనా నిలుపుచేయాలని కోరాడు. ఒక ప్రభుత్వాధినేత ఇటువంటి ప్రతిపాదన చేయడం అదే మొదటిసారి.

అణుధూళిలో ప్రజలను ఎక్కువగా భయపెట్టిన పదార్థం స్ట్రాన్షియం-90. రసాయన ధర్మాలలో ఇది కాల్షియంను పోలి ఉంటుంది. గాలిలో ఎగసి వానతో నేలకు దిగి, గడ్డిలోకి, గడ్డి నుండి ఆవు పాలలోకి, పాల నుండి పిల్లల ఎముకలలోకి చేరుతుంది. సగానికి తగ్గడానికి సుమారు 29 ఏళ్లు పడుతుంది. కాబట్టి పరీక్ష ఎక్కడో మహాసముద్రంలో జరిగినా దాని ఫలం ప్రతి ఇంటి పాలగ్లాసుకు చేరే అవకాశం ఉంది. ప్రభుత్వం మాత్రం ఆ మోతాదు అతి స్వల్పమనీ, ప్రమాదకరం కాదనీ చెబుతూ వచ్చింది.

1956 ప్రచారం

1956 ఏప్రిల్‌లో అణుశక్తి సంఘ సభ్యుడైన థామస్ ముర్రే పెద్ద ఉదజని బాంబుల పరీక్షలు ఆపవచ్చునని సెనేట్ ఉపసంఘం ముందు చెప్పాడు. అదే నెల 21న వాషింగ్టన్‌లో పత్రికా సంపాదకుల సమావేశంలో స్టీవెన్సన్ ఈ సూచనను బలపరిచాడు. ఆగస్టులో రెండవసారి పార్టీ అభ్యర్థి అయ్యాక, సెప్టెంబరు 5న లాస్ ఏంజిలెస్‌లో మాజీ సైనికుల మహాసభలోనే ఆ మాటను మళ్లీ ఎత్తాడు. అదే ఉపన్యాసంలో నిర్బంధ సైనిక సేవకు త్వరలో స్వస్తి చెప్పవచ్చునని కూడా అన్నాడు. మాజీ సైనికుల ముందు ఈ రెండింటినీ కలిపి చెప్పడం రాజకీయంగా తెలివైన పని కాదు. దేశ రక్షణను బలహీనపరచే ఆలోచన అని రిపబ్లికన్లు విరుచుకుపడ్డారు. ఉపాధ్యక్షుడు నిక్సన్ దీనిని అనర్థదాయకమైన అవివేకంగా వర్ణించాడు. జాతీయ భద్రతలో ఐసెన్‌హోవర్‌తో తలపడడం వృథా అని స్వపక్షంలోని అనుభవజ్ఞులు కూడా వారించారు.

అయినప్పటికీ స్టీవెన్సన్ వెనుకకు తగ్గలేదు. అక్టోబరు 15న షికాగో నుండి టెలివిజన్‌లో ప్రసారమైన ఉపన్యాసాన్ని పూర్తిగా ఈ అంశానికే కేటాయించాడు. ఇతడి వాదనలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఆరోగ్యానికి సంబంధించినది. రెండవది నేటికీ ఆసక్తికరమైనది. నిరాయుధీకరణ చర్చలన్నీ తనిఖీ దగ్గర ఆగిపోతున్నాయి, సోవియట్ యూనియన్ తన గడ్డపైకి తనిఖీదారులను రానివ్వదు. కాని భారీ ఉదజని బాంబు పేలుడును ప్రపంచంలో ఎక్కడ జరిగినా దూరం నుండే పసిగట్టవచ్చు, ఎవరైనా మాట తప్పితే వెంటనే తెలిసిపోతుంది. అందువలన తనిఖీదారులు లేకుండానే మొదలుపెట్టగల ఒప్పందం ఇదొక్కటే అని ఇతడు వాదించాడు. అణ్వస్త్రాల తయారీని ఆపమని గాని, చిన్న బాంబుల పరీక్షలు మానమని గాని ఇతడు అడగలేదు. ప్రచారపు హోరులో ఈ భేదం చాలామందికి చేరలేదు.

అంతలో ఊహించని దెబ్బ తగిలింది. అక్టోబరు మూడవ వారంలో సోవియట్ ప్రధాని బుల్గానిన్ ఐసెన్‌హోవర్‌కు లేఖ వ్రాస్తూ, పరీక్షల నిలుపుదలను సమర్థిస్తున్న అమెరికా ప్రముఖులను మెచ్చుకొన్నాడు. పేరు చెప్పకపోయినా ఆ ప్రముఖుడెవరో అందరికీ తెలుసు. అమెరికా ఎన్నికలలో జోక్యం చేసుకొంటున్నారని ఐసెన్‌హోవర్ ఆ లేఖను ఘాటుగా తిప్పికొట్టాడు. స్టీవెన్సన్ కూడా దానిని ఖండించాడు కాని, రష్యావారికి నచ్చిన అభ్యర్థి అనే మచ్చ అప్పటికే పడింది. నెలాఖరుకు హంగరీ తిరుగుబాటు, సూయజ్ యుద్ధం పత్రికలను నింపివేశాయి. నవంబరు 6న ఐసెన్‌హోవర్ సుమారు 95 లక్షల ఓట్ల ఆధిక్యతతో గెలిచాడు. స్టీవెన్సన్‌కు ఈసారి 73 ఎలక్టొరల్ ఓట్లు వచ్చాయి.

ఈ ఓటమికి బాంబు చర్చే కారణమని చెప్పడం సరికాదు. ఐసెన్‌హోవర్ జనాదరణ ముందు మరే అంశమైనా నిలిచి ఉండేది కాదు. ప్రతిపాదన వివరాలలో లోపాలు కూడా ఉన్నాయి, ఒక ఉపన్యాసానికీ మరొక దానికీ దాని స్వరూపం కొంత మారుతూ వచ్చింది. ఏమైనా, అంతవరకు అధికారులు, శాస్త్రజ్ఞులు మూసిన తలుపుల వెనుక మాట్లాడుకొన్న విషయం సామాన్య ఓటరు ముందుకు వచ్చింది. 1958 నుండి సెయింట్ లూయిస్ నగరంలో తల్లులు తమ పిల్లల పాలపళ్లను స్ట్రాన్షియం పరీక్షకు పంపసాగారు. 1958 చివరిలో ఐసెన్‌హోవర్ ప్రభుత్వమే సోవియట్ యూనియన్, బ్రిటన్‌లతో పాటు పరీక్షలను తాత్కాలికంగా ఆపింది. రెండేళ్ల క్రితం అవివేకమన్న పనిని అదే ప్రభుత్వం చేసింది.

1960, ఐక్యరాజ్య సమితి

1960 జనవరిలో సోవియట్ రాయబారి మెన్షికోవ్ స్టీవెన్సన్‌ను కలిసి, తిరిగి పోటీచేస్తే ఏ విధంగా సహాయపడగలమని క్రుష్చేవ్ తరఫున అడిగాడు. 1956 అనుభవం గుర్తున్న స్టీవెన్సన్ మర్యాదగా నిరాకరించి, జరిగినదంతా వ్రాసి పెట్టుకొన్నాడు. ఆ ఏడు పార్టీ అభ్యర్థిత్వం కెనడీకి దక్కింది. విదేశాంగ మంత్రి పదవిని ఆశించిన స్టీవెన్సన్‌కు కెనడీ ఐక్యరాజ్య సమితి రాయబారి పదవిని ఇచ్చాడు.

ఈ పదవి ఇతడికి సుఖమివ్వలేదు. 1961 ఏప్రిల్‌లో క్యూబా దాడి సమయంలో అసలు విషయం తెలియక, తమ గూఢచారి సంస్థ అందించిన తప్పుడు సమాచారాన్నే సభలో నిజమని చెప్పాడు. ఆ సెప్టెంబరులో సోవియట్ యూనియన్ పరీక్షలను తిరిగి ప్రారంభించింది. 1962 ఏప్రిల్‌లో అమెరికా కూడా వాతావరణంలో పరీక్షలకు పూనుకొన్నప్పుడు, తనకు ఇష్టం లేకపోయినా, ఐక్యరాజ్య సమితిలో దానిని సమర్థించే బాధ్యత ఇతడిపైనే పడింది.

క్యూబా క్షిపణుల సంక్షోభం

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. దాడికి తొందరపడవద్దని స్టీవెన్సన్ 17న కెనడీకి లేఖ వ్రాశాడు. 20న జరిగిన సమావేశంలో, నౌకా దిగ్బంధంతో పాటు చర్చల మార్గం కూడా ఉండాలనీ, టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను తొలగించేందుకు, గ్వాంటనామో స్థావరాన్ని వదులుకొనేందుకు సిద్ధపడవచ్చుననీ సూచించాడు. దాదాపు అందరూ వ్యతిరేకించారు. సోవియట్ ప్రతినిధి ఎదుట ఇతడు మెత్తబడతాడేమోనన్న శంకతో జాన్ మెక్‌లాయ్‌ను తోడు పంపారు.

అక్టోబరు 25న భద్రతా మండలిలో స్టీవెన్సన్ ఆ శంకను పటాపంచలు చేశాడు. క్యూబాలో క్షిపణులున్నాయా లేవా చెప్పమని సోవియట్ ప్రతినిధి జోరిన్‌ను సూటిగా నిలదీసి, అతడు దాటవేయగా, విమానాల నుండి తీసిన ఛాయాచిత్రాలను సభ ముందు ప్రదర్శించాడు. కోట్లాది అమెరికన్లకు స్టీవెన్సన్ గుర్తుండిపోయినది ఈ దృశ్యంతోనే.

డిసెంబరులో ఒక ప్రముఖ వారపత్రిక, ఇతడు శత్రువుకు లొంగిపోదామన్నట్లు వ్రాసింది. ఆ అపవాదు ఇతడిని చివరివరకు బాధించింది. నిజానికి అక్టోబరు 27 రాత్రి అధ్యక్షుని తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌కు టర్కీ క్షిపణులను తొలగిస్తామని రహస్యంగా హామీ ఇచ్చాడు. 1963 ఏప్రిల్‌లో వాటిని తొలగించారు కూడా. గ్వాంటనామో సూచనను ఎవరూ స్వీకరించలేదు గాని, క్షిపణుల విషయంలో జరిగినది స్టీవెన్సన్ చెప్పినదే. ఈ సంగతి స్పష్టంగా వెల్లడయ్యేసరికి స్టీవెన్సన్ మరణించి రెండు దశాబ్దాలు దాటింది.

పరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం

1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్‌లు వాతావరణంలోను, అంతరిక్షంలోను, నీటి అడుగున అణు పరీక్షలను నిషేధిస్తూ ఒప్పందంపై సంతకాలు చేశాయి. అమెరికా తరఫున సంతకం చేసినవాడు విదేశాంగ మంత్రి డీన్ రస్క్. ప్రతినిధివర్గంలో స్టీవెన్సన్ కూడా ఉన్నాడు. భూగర్భ పరీక్షలను దూరం నుండి నిర్ధారించడం కష్టం కనుక వాటిని మినహాయించారు. దూరం నుండి కనిపెట్టగలిగినంత మేరకే నిషేధం అన్న 1956 నాటి తర్కమే ఇక్కడ పనిచేసింది. సెనేట్ సెప్టెంబరు 24న దీనిని 80-19 ఓట్లతో ఆమోదించింది. భారతదేశం మొదట్లోనే సంతకం చేసిన దేశాలలో ఒకటి.

1964 నాటికి పరిస్థితి తారుమారైంది. ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటు వేసిన రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌పై అధ్యక్షుడు జాన్సన్ పక్షం అణుభయాన్నే ప్రధానాస్త్రంగా ప్రయోగించింది. పూరేకులు లెక్కపెడుతున్న పాప, వెనువెంటనే అణు విస్ఫోటనం చూపిన ఆ టెలివిజన్ ప్రకటన సెప్టెంబరు 7న ఒక్కసారి మాత్రమే ప్రసారమైనా చరిత్రకెక్కింది. ఎనిమిదేళ్ల క్రితం స్టీవెన్సన్‌ను చిక్కుల్లో పడవేసిన అంశం జాన్సన్‌కు ఓట్లు తెచ్చింది.

మరణం

జాన్సన్ ప్రభుత్వంలోనూ స్టీవెన్సన్ అదే పదవిలో కొనసాగాడు. 1965 జూలై 14న లండన్ వీధిలో నడుస్తూ గుండెపోటుతో కుప్పకూలి మరణించాడు. అప్పటికి ఇతడి వయసు 65 సంవత్సరాలు. బ్లూమింగ్టన్‌లోని ఎవర్‌గ్రీన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1928లో జరిగిన వివాహం 1949లో విడాకులతో ముగిసింది, ముగ్గురు కుమారులు. వారిలో తండ్రి పేరే గల మూడవ అడ్లై 1970 నుండి 1981 వరకు ఇల్లినాయ్ సెనేటరుగా ఉండి 2021లో మరణించాడు.