పాటకో సొంత గది

మా మురమళ్ళలో సాయంత్రం ఏడు దాటాక నేను రికార్డింగు పెట్టుకోను. వీరేశ్వరస్వామి గుళ్ళో రోజూ రాత్రి కల్యాణమే కదా! సన్నాయి మొదలైందంటే నేను ఎన్ని తలుపులు బిగించినా మైకు దాన్ని పట్టేస్తుంది. పగలేమో యానాం వంతెన వైపు పోయే లారీల హారన్లు. ఈ రెండింటి మధ్య దొరికే కాస్త నిశ్శబ్దమే నా పెట్టుబడి.

స్టూడియో అంటే పెద్ద పేరే గానీ, అది మా డాబా మీద గది. మొదట అందరూ చెప్పారని గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాను. శుద్ధ దండగ. అవి తేలిక. సన్నటి మోతను కాస్త తగ్గిస్తాయేమోగానీ మృదంగం గుంభనాన్ని ఏం ఆపుతాయి? తర్వాత కోనసీమలో కొదవేలేని కొబ్బరి పీచునే మందంగా కూర్చి చట్రాలు కట్టించాను. అప్పుడు గది మాట వింది. భజన మండళ్ళవాళ్ళు, సంగీతం నేర్చుకునే పిల్లలు, మంగళహారతులు మనవరాళ్ళ కోసం దాచుకోవాలనుకునే పెద్దవాళ్ళు... వీళ్ళే నా దగ్గరికి వచ్చేది.

ఆ గదిలో ఉన్నది ఒక్కటే ఫోటో. సరస్వతీదేవిది కాదేంటని అడుగుతారు వచ్చినవాళ్ళు. అది భానుమతి గారిది.

ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి. పెళ్ళికి ముందు ఒక క్యాసెట్ కంపెనీవాళ్ళు నాచేత ఎనిమిది భక్తి పాటలు పాడించుకున్నారు. బస్సు ఛార్జీలిచ్చి పంపారు. క్యాసెట్ వచ్చాక చూస్తే అట్ట మీద దేవుడి బొమ్మ ఉంది, కంపెనీ పేరుంది, నా పేరు మాత్రం లేదు! ఆ ఏడుపులో ఉన్నప్పుడే భానుమతి గారి జీవితం గురించి చదివాను.

ఆవిడ 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. నాన్న బొమ్మరాజు వెంకట సుబ్బయ్య గారికి సంగీతం అంటే ప్రాణం. కూతురికి తొలి గురువు ఆయనే. మా కాకినాడవారైన చిత్తజల్లు పుల్లయ్య గారు 1939లో కలకత్తాలో తీసిన 'వరవిక్రయం'లో కాళిందిగా తెర మీదికి వచ్చారు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల. కట్నానికి బలైపోయే ఆడపిల్ల వేషం. ఆ పాటలూ తనే పాడుకున్నారు.

1943లో 'కృష్ణప్రేమ' తీస్తుండగా అక్కడ సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న రామకృష్ణ గారిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. నాన్నకు నచ్చలేదు, అయినా వెనక్కి తగ్గలేదు. పెళ్ళితో సినిమాలు చాలిద్దామనుకున్నారట! బి.ఎన్. రెడ్డి గారి 'స్వర్గసీమ' (1945) ఆ ఆలోచనని తలకిందులు చేసింది. ఆ సినిమాలోని పావురం పాట ఊరూరా మోగిపోయింది. పరాయి దేశపు బాణీ ఛాయ ఉన్నా, గొంతు మాత్రం అచ్చంగా ఆవిడదే.

ఇక్కణ్ణించే నాకు ఆవిడ కథ అసలు ఆసక్తి. అంత పేరొచ్చాక నలుగురూ పిలిచే సినిమాల్లో నటిస్తూ హాయిగా ఉండొచ్చు. అలా కాకుండా 1947లో భార్యాభర్తలు కొడుకు భరణి పేరుతో సొంత సంస్థ పెట్టారు. 'రత్నమాల', 'లైలా మజ్ను' తీశారు. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణి స్టూడియో కట్టారు. పాటలు రికార్డు చేసే థియేటరూ అందులోనే.

ఆ రోజుల్లో పాట రికార్డింగంటే ఇప్పటిలా ముక్కలు అతికించడం కాదు. పాడేవాళ్ళూ, వాద్యాలవాళ్ళూ అందరూ ఒకేసారి. శబ్దాన్ని ఫిల్ము మీదే పట్టేవారు. దాన్ని ల్యాబులో కడిగితేగానీ ఎలా వచ్చిందో తెలిసేది కాదు. ఒక్క ఫిడేలు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి! అద్దె థియేటర్లో అయితే గంట లెక్క. సొంత గది ఉంటే, బాగా రాలేదు మళ్ళీ పాడతానని అడగడానికి మొహమాటం ఉండదు. నా చిన్న గదిలోనే ఆ తేడా నాకు రోజూ తెలుస్తుంది.

1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తనే డైరెక్ట్ చేశారు. నటనా, పాటలూ తనవే. ఆ సినిమాకి సంగీతం చేస్తున్న సి.ఆర్. సుబ్బరామన్ గారు 1952లో చిన్న వయసులోనే పోతే, ఆయన శిష్యుడు ఎం.ఎస్. విశ్వనాథన్ గారు పని పూర్తిచేశారు. ఆ మరుసటేడు వచ్చిన 'చక్రపాణి'కి సంగీతం భానుమతి గారిదే. అదే ఏడు విడుదలైన 'విప్రనారాయణ'కు జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది.

'మిస్సమ్మ' కథ తెలియని తెలుగింటి ఆడవాళ్ళుండరు. వరలక్ష్మీవ్రతం రోజున షూటింగుకి ఆలస్యమైందనీ, క్షమాపణ ఉత్తరం రాయమంటే ఆవిడ రాయలేదనీ, కొంత తీసిన సినిమా వదిలేసి వచ్చేశారనీ చెప్పుకుంటారు. పొగరన్నారు అందరూ. నిజం చెప్పొద్దూ, ఆ వేషంలో ఆవిణ్ణి చూడలేకపోయామే అని నాకూ బాధే. కానీ దాంతో సావిత్రిలాంటి గొప్ప నటి మనకు దొరికిందని తర్వాత ఆవిడే మెచ్చుకున్నారు. అందుకే అది ఒట్టి పొగరంటే నేను ఒప్పుకోను.

ఇన్ని పనుల మధ్య 'అత్తగారి కథలు' రాశారు. 1966లో పద్మశ్రీ అందుకున్నారు. 1986లో భర్త పోయారు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గానూ చేశారు. ఆత్మకథ 'నాలో నేను'కి జాతీయ పురస్కారం వచ్చింది. 2005 డిసెంబరు 24న కన్నుమూశారు. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా మా అత్తగారికి భానుమతి అంటే ఇంకా 'మంగమ్మగారి మనవడు'లో బామ్మే!

ఈ మధ్య మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. డాబా మీద గది సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకిస్తే నెలనెలా నికరంగా డబ్బొస్తుందని మా వారంటారు. లెక్క ప్రకారం ఆయన మాటే సబబు. నాకు పెళ్ళిళ్ళ సీజన్లో తప్ప నాలుగు రాళ్ళు మిగలవు. అడ్వాన్సు కూడా తీసేసుకున్నారు. భోజనాల దగ్గర అందరూ నా మొహం చూస్తున్నారు. మా అత్తగారే అందుకుని, మరి నా హారతులు ఎప్పుడు పట్టిస్తావే అన్నారు. ఆవిడకి డెబ్బై ఎనిమిది.

అడ్వాన్సు తిరిగిచ్చెయ్యమన్నాను. రెండ్రోజులుగా మా వారు ముక్తసరిగా మాట్లాడుతున్నారు. రేపు తెల్లవారుఝామున నాలుగున్నరకే అత్తగారిని మేడ ఎక్కించాలి. లారీలు మొదలయ్యేలోపు కనీసం రెండు హారతులైనా అవ్వాలి. ఫ్యాను ఆపితే ఆవిడకి ఉక్కపోత. విసనకర్ర చప్పుడూ మైకులో పడుతుంది మరి... తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోమన్నాను.